రెండు డిగ్రీల వదులు

ఇంటి ఇల్లాలికి ఆశీస్సులు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ అత్తగారూ బాగున్నారని నీ ఉత్తరంవల్ల తెలిసి మనసు కుదుటపడింది. అత్తగారు లేచి కూర్చుంటున్నారని రాశావు, సంతోషం. "మీ మూగాయన ఎలా ఉన్నాడే?" అని అడిగారట. బాగానే ఉన్నాడని చెప్పు. కాస్త గట్టిగా చెప్పు, ఆవిడకు వినపడాలి కదా.

నా మోకాలి నొప్పి తగ్గింది. వంటింటి కుళాయి కారుతోందా అని అడిగావు. వాషర్ నేనే మార్చాను. కూరలో ఉప్పు మాత్రం ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ.

ఇన్నేళ్లుగా నేను చేసే పనేమిటో మీ అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదన్నావు. తప్పు నాదే. ఇంటికొచ్చి ఏనాడు చెప్పాను గనక. నాకు తెలిసినంత రాస్తాను.

మా ప్రయోగశాలలో ఒక నల్లటి స్ఫటికం ఉంది. నువ్వుగింజలో సగం ఉంటుంది. రాగీ ఇనుమూ లాంటి లోహం కాదు, బొగ్గుకు చుట్టమైన సరుకుతో సీసాలో పెంచుతారు. లోపల పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఉంటుందట. దాన్ని మనం ఊహించలేనంత చలిలో పెడితే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. అప్పుడు దానికి పెద్ద అయస్కాంతం చూపిస్తారు. అయస్కాంతం బలం ఆ కాగితాల వెంబడి సాగితే కరెంటు పట్టించుకోదు. కాగితాలను పొడుచుకుంటూ పోతే అడ్డు మళ్లీ పుట్టుకొస్తుంది. బలం అదే, దిక్కు మారితే చాలు. ఒకటి రెండు డిగ్రీల్లో అంతా తారుమారవుతుంది.

ఆ స్ఫటికాన్ని తిప్పడం నా పని. పైన గుండ్రటి మర, దానిమీద అంకెలు. మర కింద పొడుగాటి కడ్డీ చలిపాత్రలోకి దిగుతుంది. కడ్డీ అడుగున చిన్న పళ్లచక్రాలు స్ఫటికాన్ని తిప్పుతాయి. ఆ పళ్ల మధ్య కొంచెం వదులు ఉంటుంది. అందుకే ఎప్పుడూ ఒకవైపునుంచే తిప్పాలని చేరిన రోజునే నేర్పారు. చివరిదాకా పోయాక, కొలవకుండా మొదటికి వచ్చేసి, మళ్లీ అటునుంచే మొదలుపెట్టాలి. ముప్పైఏళ్లు అలాగే తిప్పాను.

ఇప్పుడు నాతో పనిచేసేది పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి. మన రెండోదానికన్నా చిన్నది. నన్ను బాబాయ్ అంటుంది. "మీరు రోజుకు పది మాటలు మాట్లాడతారు, అందులో తొమ్మిది అంకెలే" అని ఆటపట్టిస్తుంది. పోయిన నెల ఒకరోజు, "వెనక్కి వచ్చేటప్పుడు కూడా అంకెలు చెప్పండి బాబాయ్, ఊరికే రావడమెందుకు?" అంది. సరేనన్నాను. చెప్పాను. ఆమె రాసుకుంది.

పోయేటప్పుడు తొంభై డిగ్రీల దగ్గర అడ్డు పూర్తిగా పోయింది. వచ్చేటప్పుడు ఎనభై ఎనిమిది దగ్గర పోయింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇది తను వచ్చిన దారి గుర్తుపెట్టుకుంటోంది బాబాయ్! ఈ సరుకులో ఇది ఎవరూ చూడలేదు!" అంది. పెద్దసారు వచ్చి చూసి ఆమె భుజం తట్టారు. వ్యాసం రాసింది. దాన్నిబట్టే ఆమెకు ఉద్యోగం రావాలి.

నీకు రాయాలనుకున్న మాట ఇక్కడినుంచి మొదలవుతుంది. రాయడానికి రెండు రోజులు పట్టింది.

వ్యాసం రాయడం అయ్యాక ఒక సోమవారం కడ్డీ తుడవడానికి పైకి తీశాను. పైన మర వెనక్కి తిప్పాను. అడుగున వేలు పెట్టి ఉంచాను. మర రెండు డిగ్రీలు జరిగింది. వేలి కింద చక్రం కదల్లేదు. ఆ తర్వాతే కదిలింది. స్ఫటికం ఏ దారీ గుర్తుపెట్టుకోలేదు. నేను పళ్ల వదులు లెక్కలోకి తీసుకోలేదు. ఎప్పుడూ వెనక్కి వస్తూ కొలవనివాణ్ణి, ఆ ఒక్కరోజు కొలిచి అంకెలు చెప్పేశాను.

వెంటనే చెప్పాలి. చెప్పలేదు. మంగళవారం, బుధవారం, గురువారం ఆమె ఎదురుగా కూర్చుని అంకెలు చెబుతూనే ఉన్నాను. నోరు లేనివాడని నన్ను అందరూ మంచివాడంటారు. నోరు లేకపోవడం ఎంత పాపమో ఆ మూడు రోజుల్లో తెలిసింది.

శుక్రవారం వచ్చి, వ్యాసం పత్రికకు పంపేస్తున్నానంది. "పంపకమ్మా" అన్నాను. కడ్డీ చూపించాను. ఆమె తనే తిప్పి, తనే అడుగున వేలు పెట్టి చూసింది. మళ్లీ తిప్పింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"నాలుగు రోజులు నోరెలా కట్టేసుకున్నారు బాబాయ్?"

ఆమె బయటికి వెళ్లి చాలాసేపటికి వచ్చింది. ముఖం కడుక్కుని ఉంది. ఆ రోజే మళ్లీ కొలిచాం. ఈసారి వెనక్కి కొలిచేముందు పళ్లు పట్టుకునేదాకా మర తిప్పి వదులు తీసేసి, అంకె మళ్లీ సరిచేసి కొలిచాను. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. కొత్త సంగతి ఏమీ లేదు. ఆమె వ్యాసం మీద అడ్డంగా గీత కొట్టింది. పెద్దసారు, "ఎవరిదీ తప్పు?" అన్నారు. "వదులు నేను చూసుకోవాల్సింది సార్" అంది ఆ అమ్మాయి. "నాది" అన్నాను. ఆయన ముందు నేనై నోరు తెరవడం అదే మొదలు.

ఆ అమ్మాయికి రావాల్సిన ఉద్యోగం చేజారింది. ఆమె పని మళ్లీ మొదటికి వచ్చింది. తిప్పడానికి వేరేవాళ్లను పెట్టుకోమన్నాను. వినలేదు.

"వదులు ఎంతుందో మీ వేలికి తెలుసు. మీరే తిప్పండి. కానీ ఇకమీదట అనుమానం వస్తే ఆ నిమిషమే చెప్పాలి. అంకెలొక్కటే చెబితే కుదరదు."

నెలాఖరుకు నేను రిటైరవ్వాలి కదా. అయినా ఆ అమ్మాయి పని కోసం ఇంకో ఆరు నెలలు ఉంటానని పెద్దసారుకు రాసిచ్చాను. నిన్ను అడగకుండా రాసిచ్చాను. అక్కడ అత్తగారి మంచం దగ్గర నువ్వొక్కదానివే పడుతున్న కష్టం తెలిసి కూడా ఇచ్చాను. కోప్పడు. పడాల్సిందే. ఏమనుకుంటున్నావో అంతా రాయి, దాచుకోకు. నేనూ ఇక దాచను.

ఇట్లు,
మీ ఆయన