గాజుల మలారం తిరిగి అడుగుతూ తమ్ముడికి

దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి.

నా పేరు మస్తాన్‌బీ. అరవై దాటాయి. నరసరావుపేటలో ఇంటింటికీ తిరిగి గాజులు వేసినదాన్ని. ఇప్పుడు కూతురు హుసేన్‌బీ ఇంట్లో ఉంటున్నాను. నేను చెబుతుంటే పక్క క్వార్టరు పంతులమ్మ రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తన చేయవద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

తమ్ముడు నాగులమీరాకు అక్క దీవెనలు. నువ్వూ మరదలూ కులాసాయేనా? మరదలి మోకాళ్లు ఎలా ఉన్నాయి? మేం బాగున్నాం. నా గురించి దిగులు పడవద్దు. పడవని తెలుసు, అయినా రాయడం ఆనవాయితీ.

ఇక్కడ తెల్లవారితే సైరను, పొద్దుగూకితే సైరను. సున్నపురాయి దుమ్ము అన్నంలోకి కూడా వస్తుంది. కూతురు కడుపునిండా పెడుతుంది. కానీ "గాజులక్కా" అని పిలిచే గొంతు ఈ వరసలో ఒక్కటీ లేదు.

ఇక అసలు సంగతి. రత్తమ్మగారి పెద్ద కోడలికి సీమంతం గాజులు వేస్తుంటే నా కుడిచేయి వణికి గాజు పగిలింది. కడుపుతో ఉన్న పిల్ల చేతిమీద గాజు పగలడమంటే ఏమిటో నీకు తెలుసు. నన్ను ఎవరూ పొమ్మనలేదు. నేనే గాజులు గుచ్చిన మలారం భుజం మీద నుంచి దించి నీ కోడలు జరీనాకిచ్చి, చేయి నిలబడేదాకా నేను గాజులు వేసే ఇళ్లు చూడమన్నాను. అవి మన అమ్మ నడిచి నాకు ఇచ్చిన ఇళ్లు. "ఏడికి పోతాయే అక్కా, ఎప్పటికైనా నీ ఇళ్లు నీయే" అన్నది నీ నోరే.

వణుకు పోగొట్టే ఆపరేషనుకు హైదరాబాదు తీసుకెళ్లింది కూడా నువ్వే, కాదనను. గుండు చేసి తలకు ఇనుప చట్రం బిగించారు. నన్ను నిద్రపుచ్చలేదు. పుర్రెకు చిన్న బెజ్జం వేసి సన్నటి తీగ లోపలికి పంపారు. అందులో కొంచెం కరెంటు పెడితే చేయి నిలిచింది, తీస్తే మళ్లీ వణికింది. ఇదే చోటని డాక్టరు అక్కడే వేడి పెట్టి కాల్చాడు. మాట తడబడుతుందేమో తెలియాలి, మాట్లాడుతూనే ఉండమన్నాడు. నేనేం మాట్లాడతాను? నా ఇళ్లు చెప్పాను. వీధి మొదలు నుంచి ఎవరి చేతికి ఏ సైజు, ఎవరికి ఎరుపు, ఎవరికి ఆకుపచ్చ అన్నీ చెప్పాను. నర్సమ్మ చేయి చూసి "నీకు రెండు ఆరు సైజు పడతాయి" అన్నాను. డాక్టరు బయటికి వచ్చి "మీ అక్క ఒక్క ఇల్లు కూడా మరవలేదయ్యా" అని చెప్పింది నీకే. నువ్వు నవ్వావు కూడా. అక్కడి నుంచి కోలుకోవడానికి కూతురింటికి వచ్చాను.

నిన్న రత్తమ్మగారు ఇక్కడి చుట్టాలింటికి వచ్చి నన్ను చూసింది. చేతులు కొంగు కిందికి లాక్కుంది.

"ఏంది రత్తమ్మా, కరుస్తానా?"

"అది కాదు గాజులక్కా. బుర్రకి బెజ్జమేసినాక నీకు మతి చెడిందంటగా. మీ తమ్ముడు చానా బాధపడతా చెప్పాడు. ఆమె వచ్చినా చెయ్యియ్యమాకండి, ఇక మా కోడలే వేస్తది అన్నాడు."

పరాయివాడు అంటే తుడిచేసుకునేదాన్ని. నా మతి ఎలా ఉందో డాక్టరు నోట విన్నవాడివి నువ్వు! నాలుక కొంచెం మందంగా ఆడుతున్న మాట నిజమే, ఆపరేషనుకు ముందే డాక్టరు చెప్పాడు. నీ నాలుక చురుగ్గానే ఉంది, దాంతో నువ్వు ఏం చేశావో చూసుకో.

కొట్టు నుంచి డజను గాజులు తెప్పించి రత్తమ్మగారి చేతికి వేశాను. ఒక్కటీ చిట్లలేదు. "ఇది నా పెళ్లికి గాజులేసిన చెయ్యేనే!" అని ఏడ్చింది.

వచ్చే శుక్రవారం వాళ్ల చిన్న కోడలి సీమంతం. నన్నే రమ్మంది. అక్కడ అందరి ముందూ మొదటి గాజు జరీనాకే వేస్తాను. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. గాజు చిట్లితే మలారం ఆమెదే, నేను దాచేపల్లి బస్సెక్కుతాను. చిట్లకపోతే మలారం నువ్వు మోస్తావు. నా వెనక నడిచి, ఏ గడపలో నాకు మతి పోయిందన్నావో ఆ గడపలోనే అబద్ధమాడానని చెబుతావు.

ఈలోపు ఆకుపచ్చవి ఎర్రవాటితో కలిపి కట్టవద్దని జరీనాకు చెప్పు, రాసుకుంటాయి. పెద్దమ్మకు నా సలాము. నా కోసం దువా చేయమను. పిల్లలకు ముద్దులు. నువ్వు నా తమ్ముడివన్న సంగతి కూడా నేను మరవలేదు. మతి ఉంది కదా.

ఇట్లు,
మస్తాన్‌బీ నిశాని:  |
ఎవరూ చేయి పట్టుకోకుండా గీసిన గీత.

సాక్షులు: రాసిన పంతులమ్మ సుశీల.
ఉత్తరం తెస్తున్న రత్తమ్మ. చేతికి ఉన్న గాజులు చూడు.