వాన కబురు మాత్రం అందింది

ఏమండీ, డ్యూటీకి వెళ్తున్నాను. కూర వేడి చేసుకుని తినండి. తర్వాత చదువుతానని మీరు దాచుకున్న వ్యాసాలన్నీ ట్యాబ్‌లోనే ఉన్నాయి, దాన్ని ఛార్జింగ్‌లో పెట్టాను.

ఫోన్ పిచ్చి తగ్గాలని మీరు పెట్టుకున్న యాప్ భేషుగ్గా పనిచేస్తోంది. నిన్న బస్టాపులో తడుస్తూ, గొడుగు తెమ్మందామని మీకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో. ఒక్కసారీ మోగనివ్వలేదు. వాన వస్తోందన్న కబురు మాత్రం మీకు అందించిందట, ఆరేసిన బట్టలన్నీ తీసి మడతపెట్టేశారు. నేను తడిసి ముద్దై వస్తే, "అయ్యో, ఒక్క ఫోన్ కొట్టాల్సింది కదా" అన్నారు. దెబ్బలాడే ఓపిక లేక తల తుడుచుకుని పడుకున్నాను.

ఏవేవి ఆపకూడదో ఆ యాప్‌కి చెప్పారుగా, అందులో వాతావరణం పక్కన నా నంబరు కూడా చేర్చండి.

ఇవాళా మబ్బు పట్టింది. గొడుగు తలుపు వెనకే ఉంది. మర్చిపోయి వదిలెయ్యలేదు.