రోల్ నంబరుతో సహా

సోమవారం, ఉదయం 6.10
కొత్త డైరీ, కొత్త నేను! పిల్లల మార్కులు తల్లిదండ్రులు ఇంటి నుంచే చూసుకునే వెబ్‌సైటు నేనే తయారుచేస్తానని హెడ్మాస్టరుకు మాటిచ్చాను. "కంప్యూటర్ టీచరమ్మకి అప్పజెబుదామా?" అన్నాడాయన. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నవాడికి ఆ మాత్రం చేతకాదా! గడువు శనివారం, తల్లిదండ్రుల సమావేశం.
తీర్మానాలు:
1. ఎవర్నీ అడగను.
2. ఒక్క లైనూ కాపీ కొట్టను.

సాయంత్రం 6.45
పేజీ తయారు! నీలం రంగు శీర్షిక, గిరగిరా తిరిగే బడి గుర్తు. మా ఆవిడ చూసి, "బానే ఉంది. మార్కులేవండీ?" అంది. మార్కులు డేటాబేస్‌లో, అంటే వేరే పట్టికలో ఉన్నాయి. దాన్ని పేజీకి కలపాలి, అంతే. అరగంట పని.

మంగళవారం, మధ్యాహ్నం 12.30
క్లాసు పరీక్షలో రెండో బెంచీ పిల్ల దొరికిపోయింది. ముందు బెంచీ అమ్మాయి పేపరు మొత్తం దింపేసింది, రోల్ నంబరుతో సహా! "కాపీ కొట్టడానికైనా కాస్త చదవాలి కదమ్మా" అన్నాను. క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఆ పిల్ల తలెత్తలేదు. సున్నా వేసి, పక్కన ఎర్రగా 'కాపీ' అని రాశాను. డేటాబేస్‌లోనూ అలాగే ఎక్కించాను. శనివారం సైట్లో అందరూ చూస్తారు. వాళ్లమ్మను కూడా రమ్మన్నాను.

సాయంత్రం 7.20
పేజీలో మార్కుల బదులు నాలుగు లైన్ల ఎర్రక్షరాలు. కనెక్షన్ కుదరలేదట. మిగతాది చదవలేదు. తప్పు నాది కానప్పుడు చదవడమెందుకు?

బుధవారం, ఉదయం 5.50
కంప్యూటర్‌ను ఏడుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేశాను. కుర్చీ కూడా మార్చాను. ఎర్రక్షరాలే.
6.30: తప్పు నెట్‌ది.
6.50: నెట్ బాగానే ఉంది. తప్పు కంప్యూటర్‌ది.
7.05: "ఆడలేక మద్దెల ఓడన్నారట" అని వంటింట్లోంచి మా ఆవిడ. ఎవరి గురించో తెలీదు.

గురువారం, సాయంత్రం 5.30
రెండో తీర్మానానికి చిన్న సవరణ. ఎవరో పుణ్యాత్ముడు ఇంటర్నెట్‌లో పెట్టిన పాఠం దొరికింది. ఉన్నదున్నట్టు దింపేశాను. దీన్ని కాపీ అనరు, సంప్రదించడం అంటారు.
5.40: అవే ఎర్రక్షరాలు!
5.45: ఆ పాఠం రాసినవాడికి ఏమీ రాదు.

శుక్రవారం, మధ్యాహ్నం 3.15
నా ల్యాప్‌టాప్ పట్టుకుని కంప్యూటర్ ల్యాబ్‌కు వెళ్లాను. అడగడానికి కాదు. "మీ దగ్గర నెట్ ఎలా ఉందో చూద్దామని" అన్నాను. టీచరమ్మ నా ఎర్రక్షరాలను పైకి చదివింది.
"పాస్‌వర్డ్ తప్పని చెప్తోంది కదా సార్."
"అది అలాగే అంటుంది లెండి."
ఆవిడ నేను రాసిందంతా చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట 'ఇక్కడ మీ పాస్‌వర్డ్ రాయండి' అని ఉంది. పాఠంలో అలాగే ఉంది మరి! అంతకుముందు ఆ చోటు ఖాళీగా వదిలేశానని అప్పుడు గుర్తొచ్చింది.
ఆవిడ దాన్ని మార్చగానే మార్కులన్నీ వచ్చేశాయి. మొదటి వరుసలోనే రెండో బెంచీ పిల్ల. సున్నా. 'కాపీ'. టీచరమ్మ నవ్వలేదు. నవ్వేసినా బాగుండేది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

శనివారం, ఉదయం 11.00
రెండో బెంచీ పిల్ల వాళ్లమ్మతో వచ్చింది. "అర్థం కాకపోతే సార్‌ని అడగొచ్చుగా?" అని వాళ్లమ్మ కసిరింది.
"అడిగితే, ఇదీ తెలీదా అని నవ్వుతారమ్మా."
నేనూ అందుకే అడగలేదు. సున్నా తీసేసి, సోమవారం మళ్లీ పరీక్ష పెడతానన్నాను.
"మీది పెద్ద మనసు సార్" అంది వాళ్లమ్మ. పక్క టేబిల్ దగ్గర టీచరమ్మకు దగ్గొచ్చింది.
నిజం చెప్పేద్దామనుకున్నాను. అంతలో హెడ్మాస్టరు వచ్చాడు. "సైటు అద్భుతం! అంతా మీరొక్కరే చేశారా?"
"ఆఁ" అన్నాను.

సోమవారం, ఉదయం 6.10
హాజరుకు కూడా సైటు కావాలట. కొత్త పేజీ, కొత్త నేను!
తీర్మానాలు:
1. ఎవర్నీ అడగను.
2. ఒక్క లైనూ కాపీ కొట్టను.
6.40: ఎర్రక్షరాలు.

మధ్యాహ్నం 3.15
పరీక్షకు ముందు రెండో బెంచీ పిల్ల చెయ్యెత్తి, "సార్, ఒక డౌట్" అంది. అందరి ముందూ అడిగేసింది! ఎవరూ నవ్వలేదు. పదికి ఏడు. రోల్ నంబరు తనదే.
నేను ల్యాబ్‌కు బయల్దేరాను. అడగడానికి కాదు. అక్కడ నెట్ ఎలా ఉందో చూద్దామని.