లెక్కలోకి రాని నిమిషం

భద్రాచలం,
14-08-2025

అమ్మా శ్యామలా,

బస్టాండు పక్కన వాచీలు బాగుచేసే వెంకటప్పయ్యను. నీకు నా ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమమని రాయాలి గానీ, నా కళ్లూ నడుమూ రెండూ మాట వినడం లేదు. గోదావరి ఒక్కటే దయతలచి ఈసారి కొట్టుదాకా రాలేదు. నువ్వు అశ్వారావుపేటలో పామాయిల్ నర్సరీలో పనిచేస్తున్నావని తెలిసి రాస్తున్నాను.

పోయిన వారం నీకు పరుగు నేర్పిన లచ్చిరాం మాస్టారు వచ్చారు. నీ పరుగుకు టైం చూసిన ఆ పెద్ద వాచీ బల్ల మీద పెట్టి, "ఇగ నాకెందుకిది, ఎవలకన్న అమ్మెయ్" అన్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

దానికి మూడు చిన్న డయళ్లుంటాయి, చూశావుగా. ఎడమది ఎప్పుడూ తిరిగే సెకన్లది. మిగతా రెండూ బటన్ నొక్కితేనే కదులుతాయి. కింది దాంట్లో గంటలు, కుడి దాంట్లో నిమిషాలు. నొక్కగానే మధ్యనున్న పొడుగు ముల్లు బయల్దేరుతుంది. అది ఒక చుట్టు తిరిగినప్పుడల్లా లోపల చిన్న కొక్కెం ఒకటి పళ్లచక్రాన్ని ఒక పన్ను ముందుకు నెడుతుంది. అప్పుడే కుడి డయల్లో ఒక నిమిషం పడుతుంది. కొక్కెం వెంట్రుకంత వంగినా ఒక్కోసారి పన్ను అందదు. ఆ నిమిషం లెక్కలోకే రాదు.

నాలుగేళ్ల కిందట సెలక్షన్ రోజున జరిగింది అదే. ఐదు కిలోమీటర్లు నువ్వు పద్దెనిమిది నిమిషాల నలభై సెకన్లలో పరుగెత్తావు, వాచీ పదిహేడు నలభై చూపింది. అది నమ్మి మాస్టారు నీ పేరు రాష్ట్ర పోటీలకు హైదరాబాదు పంపారు. అక్కడ నీ అసలు టైమే వచ్చింది, అందరూ నవ్వారు. తిరిగొచ్చి గ్రౌండులో అందరి ముందు, "పేరు కోసం సారే దొంగ టైం రాసిండు" అన్నావు. మళ్లీ నువ్వు పరుగెత్తలేదు, ఆయన ఎవరికీ నేర్పలేదు.

ఆయన అబద్ధమాడలేదమ్మా. సెలక్షన్‌కు ముందు ఎవరో మెకానిక్ వాచీ విప్పి కడిగేటప్పుడు ఆ కొక్కెం వంచేశాడు, అంతే. ఒకసారి బస్సెక్కి వచ్చి ఆయన్ను పలకరించు.

నీ మేలు కోరే
వెంకటప్పయ్య

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఆ మెకానిక్ నేనే. పెద్ద ముళ్లు ఫోనులో టైముతో కలిస్తే చాలు, చేతికిచ్చేయడం మా అలవాటు. చిన్న డయళ్లు నడిపి చూడం. నువ్వు ఆ మాటన్న మర్నాడే మాస్టారు వాచీ తెచ్చి, "జర విప్పి చూడు, ఆ పిల్ల ఊకెనే అనది" అన్నారు. విప్పితే వంకర కనపడింది. కొట్టు పేరు పోతుందని చప్పుడు చేయకుండా సరిచేసి, ఏ లోపమూ లేదన్నాను. "అయితే నా కండ్లదే తప్పు" అని వాచీ జేబులో వేసుకుని వెళ్లిపోయారు. పోయిన వారం ఆయన ఇచ్చిపోయిన ఆ వాచీని నేను అమ్మలేదు. రేపు పొద్దున్నే ఆయన ఇంటికి తీసుకుపోతున్నాను. నువ్వొచ్చేసరికి ఆయనకు అంతా తెలిసే ఉంటుంది.