కింద పడ్డ గుడ్డ

ఏమండీ, మీ పాలిషింగ్ మిషన్ పార్సిల్ వచ్చింది. బీరువా పక్కన పెట్టాను. భోజనం చేశాకే విప్పండి. కారు తుడిచే గుడ్డలు మీరు చెప్పినట్టే విడిగా ఉతికి ఆరేశాను. నా బట్టలకు ఈ ఇంట్లో ఏనాడూ ఇంత మర్యాద జరగలేదు.

బానెట్ మీద గుండ్రటి గీతలు కనిపిస్తే పక్కింటి పిల్లిని తిట్టకండి. ఆ పని నాదే. మీరొచ్చేసరికి నా సవతి తళతళలాడాలని పొద్దున తుడిచాను. మధ్యలో గుడ్డ కింద పడితే, దులిపి మళ్ళీ దాంతోనే తుడిచాను. కింద పడ్డ గుడ్డ కారుకి తగలకూడదని మీరు లక్షసార్లు చెప్పారు, ఒప్పుకుంటున్నాను.

నేనొచ్చేదాకా మిషన్ కారు మీద పెట్టకండి. పక్కన నిలబడి నేర్పండి, ఆ గీతలు నేనే పోగొడతాను.

తా.క. అరిచే ముందు ఒక్కటి గుర్తు చేసుకోండి. మొన్న మీరు నా కొత్త కళ్ళజోడు మీద కూర్చున్నప్పుడు, "గుచ్చుకోలేదు కదా?" అనే అడిగాను.