నూనె పట్టించమన్నాను

చిరంజీవి తమ్ముడికి,

చిరంజీవి అని చేతి అలవాటు కొద్దీ రాశాను. దీవెన అనుకోకు.

గోడకు అటు నువ్వు, ఇటు నేను. అయినా కాగితం మీద రాయాల్సి వచ్చింది. నలుగురి ముందు నాకు నోరు పెగలదని నీకు తెలుసు. తెలిసే నిన్న ఆ పని చేశావు. నీ షాపులో కుర్చీలో కూర్చోబెట్టి, మొహం నిండా నురగ పూసి, గొంతు మీద కత్తి పెట్టి, అప్పుడు మొదలుపెట్టావు. "మా అన్న వైద్యం చేస్తే పశువుకు నొప్పి ఉండదండీ. పశువే ఉండదు" అన్నావు. బెంచీ మీద కూర్చున్న బస్సు డ్రైవరు పేపరు కింద పడేసుకుని నవ్వాడు. "అయితే మా అత్తగారికి ఓ సీసా ఇప్పించవయ్యా" అన్నాడు. అద్దంలో అందరి పళ్ళూ కనిపించాయి నాకు. గొంతు మీద కత్తి ఉన్నవాడు ఏం జవాబు చెప్తాడు? సగం గడ్డంతో లేచి వచ్చేశాను. మిగతా సగం ఇంకా అలాగే ఉంది.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ చెప్తున్నాను. నీ ఎర్రావును నా మందు చంపలేదు. నువ్వు చంపావు.

వాన వెలిసీ వెలవకముందే తడి పచ్చగడ్డి కోసుకొచ్చి దాని కడుపు నిండా మేపావు. ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. పశువుల డాక్టరు ఊళ్ళో లేడని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చావు. నాకు చలిజ్వరం, మంచం దిగలేను. మీ వదిన చేత వాము, ఇంగువ దంచించి, నువ్వులనూనెలో కాయించి, సీసాలో పోయించి నీ చేతికిచ్చాను. "నూనె పట్టించు. సీసా మొత్తం. ఆలస్యం చేయకు" అన్నాను. అదే నూనెతో పాలవాడి గేదె లేచి నిలబడింది. నీ ఆవు ఎందుకు పోయింది? నువ్వు పట్టించలేదు కనుక. సీసా ఓ మూలన పెట్టి షాపు తెరవడానికి పోయి ఉంటావు. గిరాకీ అంటే నీకంత ప్రాణం.

ఆ ఆవు మరదలు పెంచినది. కన్ను మూసేముందు ఆమె దాని తాడు నీ చేతిలో పెట్టింది. దాన్ని నిలుపుకోలేకపోయావు. ఆ మచ్చ తెచ్చి నురగతో పాటు నా మొహాన పూస్తున్నావు.

ఇక నేను ఏ పశువునూ ముట్టను. నాన్న ఇచ్చిన వెదురు గొట్టం పొయ్యిలో పెడతాను. నీ గుమ్మం తొక్కను. నువ్వూ నా గుమ్మం తొక్కకు.

ఇట్లు,
నీకు వరసకు మాత్రమే అన్న


తమ్ముడికి,

నీ జవాబు మీ వదిన తెచ్చి ఇచ్చింది. నన్ను ముసలి గడిద అన్నావు. గాడిదకు దీర్ఘం ఉంటుంది. ఇద్దరం చదివింది ఒకే బడి, నీకు తిట్టడం కూడా సరిగ్గా రాలేదు.

తిట్లన్నీ దాటుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయాను. "నేను పట్టించలేదా? వీపు మీద నుంచి పొట్ట కిందిదాకా, చేతులు పడిపోయేదాకా పట్టించాను. ఆ రోజు షాపే తెరవలేదు. నా చేతుల కిందే ఊపిరి వదిలింది" అని రాశావు.

అది మీ వదినకు చదివి వినిపించాను. చేతిలో చేట పక్కన పెట్టింది.

"వీపు మీద ఏమిటండీ? నూనె లోపలికి కదా పోయాల్సింది?"

"వాడికి నూనె అంటే రుద్దడమే కదా" అన్నాను. అన్నాక గానీ నా మాట నాకే అర్థం కాలేదు.

నాన్న వెంట పశువుల దగ్గర తిరిగినవాణ్ణి నేను. నువ్వు మేనమామ షాపులో పెరిగావు. పట్టించడం అంటే నాకు వెదురు గొట్టం బుగ్గ పక్కనుంచి దూర్చి మందు గొంతులోకి దింపడం. నీకు "నూనె పట్టించమంటారా" అని అడిగి తలలు మర్దనా చేయడం. నేను నా మాట చెప్పాను, నువ్వు నీ మాట విన్నావు. ఆ రోజు గొట్టం నా గదిలో మేకుకే వేలాడుతోంది. అది అడగకుండా వెళ్తున్నావేమిటని నాకూ తట్టలేదు. జ్వరమో, మాటల పిసినారితనమో.

ఈ సంగతి నీకు చెప్పాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. చెప్తే నీ చేతుల వంక నువ్వు చూసుకోలేవు. చెప్పకపోతే ఒకరినొకరు తిట్టుకుంటూ ఇద్దరం బతికేయొచ్చు. మనకది కష్టం కూడా కాదు. కానీ నీ దొడ్లో ఎర్రావు పెయ్య ఉంది. పొద్దున గోడ మీంచి చూశాను, దానికీ తడిగడ్డే వేశావు. అదీ ఉబ్బుతుంది. నువ్వు మళ్ళీ దాని వీపు రుద్దుతూ ఏడుస్తావు. అందుకని రాస్తున్నాను, నీ మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు.

షాపులో నవ్విన నవ్వులు నేను మరిచిపోలేదు. ఇక నుంచి నా గడ్డం నేనే గీసుకుంటాను. ఇవాళ మిగతా సగం గీసుకుంటే చెంప తెగింది, అదీ నీ లెక్కలోకే వస్తుంది. నా మందు మంచిదేనని ఆ డ్రైవరుకు చెప్పమని నిన్ను అడగను. అడగలేదు కదా అని ఊరుకోకు.

గొట్టం పొయ్యిలో పెట్టలేదు. ఇంట్లో కట్టెలు చాలినన్ని ఉన్నాయి.

గడ్డి ఆరాక వెయ్యి. పెయ్య డొక్క ఉబ్బితే ముందు డాక్టరుకు కబురు పంపు. ఆయన వచ్చేలోపు చెంబుతో గోడ మీద కొట్టు. అన్నా అని పిలవక్కర్లేదు. నీ గుమ్మం తొక్కను, దొడ్డి తలుపున వస్తాను, గడియ తీసి ఉంచు. వచ్చినా నేను మాట్లాడను, నువ్వూ మాట్లాడకు. మనకు మాట అచ్చిరాలేదు. నువ్వు దాని తల పట్టుకో. నేను పట్టిస్తాను.

ఇట్లు,
అన్న