వెన్నపూస గారి చెవిలో నా నోరు

జూన్ 2, సోమవారం. ఉదయం 7.10

ఈ రోజు నుంచి ముప్పై రోజులు నోరు మూసుకుంటాను. ఒట్టు!

కారణం: పోయిన వారం మా టీవీ స్టూడియోలో ఒక రిటైర్డ్ సైన్యాధికారికి కాలర్ మైకు పెడుతూ, "యుద్ధం రెండు వారాల్లో అయిపోతుందని ఏడు నెలల క్రితం చెప్పారు. ఆ రెండు వారాలు ఎప్పుడు మొదలవుతాయి సార్?" అన్నాను. ఆయన నీళ్లు నమిలారు. మా ప్రొడ్యూసర్ నన్ను నమిలారు. "ఇంకొక్క మాట జారితే నీకు సౌండ్ డెస్కు ఉండదు. కింది గదిలో కేబుళ్లు చుట్టుకుంటూ కూర్చో" అన్నారు. ఈయన రోజంతా "ప్రశాంతంగా ఉండండి!" అని గొంతు చించుకుంటారు. అందుకే ఆయన్ని మేమంతా ప్రశాంతం అంటాం.

డెస్కు వదులుకోను. ఒకరు కూర్చోబెట్టి నేర్పింది కాదు. చూసి, తిట్లు తిని, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నాను. పైగా దేశదేశాల తగాదాల గురించి మాట్లాడే పెద్దలందరూ నా చేతి మైకు తగిలించుకున్నాకే కుర్చీ ఎక్కుతారు. మా అన్న పనిచేసే సరుకుల ఓడ, యుద్ధం జరుగుతున్న చోట, రేవులో ఇరుక్కుని నాలుగు నెలలు. పందొమ్మిది మంది. ఏ కబురైనా ముందు ఈ గదికే వస్తుంది.

నియమం: మైకు పెట్టాక గొంతు ఎంత వస్తోందో చూడాలి కాబట్టి అతిథిని ఏదో ఒకటి అడగక తప్పదు. "పొద్దున ఏం తిన్నారు సార్?" అంతే. అంతకు మించి మాట లేదు.

వదినకి చెప్పాను. "నువ్వా? ముప్పై రోజులా? నిద్రలో మాట్లాడేవి కూడా లెక్కేనా?" అంది.

జూన్ 3, మంగళవారం. మధ్యాహ్నం 1.00

మాజీ రాయబారి వచ్చారు.

"ఏం తిన్నారు సార్?"

"రెండు గుడ్లు."

అయిపోయింది! ఇంత సుఖంగా ఉంటుందని తెలిస్తే పుట్టినప్పుడే నోరు మూసుకునేదాన్ని.

ఇంటర్వ్యూ చేసింది మా యాంకర్, మేం పెట్టిన పేరు వెన్నపూస గారు. పదునైన ప్రశ్న ఏదైనా ఆయన నోట్లో పడితే కరిగిపోతుంది. సొంతంగా ఏమీ అడగరు. చెవిలో చిన్న ఇయర్‌పీస్ ఉంటుంది. నా పక్కన కూర్చున్న ప్రశాంతం మీట నొక్కి ఏది చెబితే అది పొల్లు పోకుండా అప్పజెబుతారు. ఒకసారి ప్రశాంతం మీట వదలడం మరిచిపోయి మా వాళ్లెవరితోనో "ఆ ఫ్యాను ఆపండి" అంటే, వెన్నపూస గారు ఎదురుగా ఉన్న ఎంపీగారి కళ్లలోకి చూసి, ఎంతో ఆవేదనతో, "ఆ ఫ్యాను ఆపండి" అన్నారు. ఆపుతామని ఆయన హామీ ఇచ్చారు.

జూన్ 5, గురువారం. ఉదయం 11.30

యుద్ధ నిపుణుడట. టీవీలోనే.

"ఏం తిన్నారు సార్?" అన్నాను. చాంతాడంత జాబితా చెప్పాడు. "ఆ ముట్టడిలో ఉన్న ఊళ్లో జనానికి రోజుకి ఒక్క పూటేనట కదా సార్?" అన్నాను.

నియమం తప్పలేదు! తిండి గురించే అడిగాను.

ప్రశాంతం అద్దం అవతల నుంచి చూశారు. నేను వైరు సర్దుతున్నట్టు నటించాను.

జూన్ 9, సోమవారం. ఉదయం 8.20

అన్న ఫోను. మూడు నిమిషాలు.

మంచినీళ్లు పది రోజులకి ఉన్నాయట. రేవు వాళ్లు ఓడను వదలాలంటే మన విదేశాంగ శాఖ నుంచి ఒక్క ఉత్తరం రావాలట. ఒక్కటంటే ఒక్కటి!

వదిన శాఖకి ఫోను చేసింది. "సంబంధిత విభాగానికి పంపాం" అన్నారు. సంబంధిత విభాగానికి చేసింది. "మాకు సంబంధం లేదు" అన్నారు.

ఎల్లుండి విదేశాంగ మంత్రి మా స్టూడియోకి వస్తున్నారు.

"నువ్వు నోరెత్తకు. నిన్ను పీకేస్తే ఆ గదిలో మనకి ఇంకెవరున్నారు?" అంది వదిన. చేతిలో చెయ్యి వేయించుకుంది. వేశాను.

జూన్ 11, బుధవారం

10.20. ప్రశాంతం గొంతు పోయింది! అరిచి అరిచి మొత్తం పోయింది. కాగితం మీద రాసి నా ముందు పెట్టారు: "ప్రశ్నలు రాశాను. మీట నొక్కి నువ్వు చదువు. ఒక్క అక్షరం ఎక్కువైనా కేబుళ్లే."

నోరు మూసుకోమన్న మనిషే తెరవమంటున్నారు. నా తప్పు కాదు.

10.40. మంత్రిగారికి మైకు.

"ఏం తిన్నారు సార్?"

"తినే తీరిక ఎక్కడమ్మా."

"ఇంకో రెండు ముక్కలు మాట్లాడండి సార్, గొంతు సరిగ్గా రాలేదు. ఆ రేవులో మన ఓడలు ఎన్ని ఉన్నాయి?"

"ఏ రేవు?"

ఈసారి గొంతు స్పష్టంగా వచ్చింది.

11.00. లైవ్. కాగితంలో మొదటి ప్రశ్న: ప్రపంచ శాంతి గురించి మీ కల ఏమిటి? చదివాను. వెన్నపూస గారు అడిగారు. మంత్రి ఆరు నిమిషాలు కలగన్నారు. రెండోది: మనవాళ్ల క్షేమం కోసం మీరు పడుతున్న తపన గురించి చెప్పండి. "మన ప్రతి ఓడనీ గంట గంటకీ స్వయంగా నేనే కనిపెట్టుకుని ఉన్నాను" అన్నారు.

మూడోది: చిన్నప్పుడు మీరు ఏమవ్వాలనుకున్నారు?

చదవలేదు. నా వల్ల కాలేదు.

మీట నొక్కాను. "ఎన్ని ఓడలు సార్?"

వెన్నపూస గారు చిరునవ్వుతో, "ఎన్ని ఓడలు సార్?"

"చాలానే ఉన్నాయండి."

"చాలా అనేది అంకె కాదు."

"చాలా అనేది అంకె కాదు" అన్నారు వెన్నపూస గారు, అదే చిరునవ్వు.

మంత్రి నీళ్లు తాగారు. నేను ఆగలేదు. పందొమ్మిది మంది, నాలుగు నెలలు, ఇంకో ఎనిమిది రోజుల నీళ్లు, ఒక్క ఉత్తరం. అది ఎవరి బల్ల మీద నిద్రపోతోంది? అన్నీ ఆ వెన్న నోటి నుంచి ఒక్కొక్కటే మేకుల్లా వచ్చాయి. ప్రశాంతం లేచారు. నోరు తెరిచారు. గాలి వచ్చింది. నా భుజం పట్టుకుని లాగారు.

"చెయ్యి తీయండి!" అన్నాను. మీట మీద వేలు అలాగే ఉంది.

"చెయ్యి తీయండి!" అన్నారు వెన్నపూస గారు. గ్లాసు పట్టుకున్న మంత్రి ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు. గ్లాసు కింద పడింది.

"ఈ రోజే... ఈ రోజే పంపిస్తాను ఉత్తరం" అన్నారు, అందరూ చూస్తుండగా.

1.00. ప్రశాంతం కాగితం నిండా ఒకే మాట రాసి చూపించారు: కేబుళ్లు.

పదో రోజుకే ఒట్టు గట్టున పెట్టాను.

సాయంత్రం 6.00. వదిన తలుపు తీస్తూనే, "గొంతు ఆయనది. పొగరు నీది. నాకు తెలియదనుకున్నావా?" అంది. తర్వాత నా భుజం మీద తల పెట్టింది.

జూన్ 12, గురువారం. మధ్యాహ్నం 3.00

కింది గది. కిటికీ లేదు. కేబుళ్లు పాముల్లా ఉన్నాయి, కానీ పాములకి బుద్ధి ఉంటుంది, చిక్కుపడవు.

ఊరంతా వెన్నపూస గారి ధైర్యాన్ని మెచ్చుకుంటోందట. ఆయనే దిగి వచ్చారు. "అంత బాగా అడిగానామ్మా?"

"అడిగారు సార్."

"నాకైతే భయమేసింది" అన్నారు. మొదటిసారి ఆయన సొంత మాట విన్నాను.

జూన్ 13, శుక్రవారం. సాయంత్రం 5.15

శాఖ వాళ్లే వదినకి ఫోను చేశారు! ఉత్తరం చేరింది. రేవు వాళ్లు ఒప్పుకున్నారు. బుధవారం ఓడ కదులుతుంది. కానీ అప్పటిదాకా కుటుంబాలు ఎవరితోనూ మాట్లాడకూడదట. టీవీలో మళ్లీ గొడవైతే అవతలివాళ్లు మొండికేస్తారట.

నిజమో, మా నోరు నొక్కే ఎత్తో తెలియదు. ఎత్తే అనుకుని అరిస్తే, అది నిజమైతే, అన్న అక్కడే ఉండిపోతాడు.

జూన్ 14, శనివారం. ఉదయం 8.00

మళ్లీ మొదటి రోజు. బుధవారం సాయంత్రం దాకా నోరు మూసుకుంటాను. ఈసారి ఒట్టు పెట్టుకోలేదు. అన్న ఫొటో వైపు చూశాను.

8.30. వెన్నపూస గారి ఫోను. మంత్రి ఇంకోసారి ఇంటర్వ్యూకి కూర్చుంటారట, గురువారం. "నా చెవిలో ఎవరుంటారమ్మా?"

"మాట్లాడకూడదు సార్" అని పెట్టేశాను. ఇది లెక్కలోకి రాదు.

9.00. ఒక కాగితం మీద ఒక ప్రశ్న రాశాను. మడిచి వదిన చేతిలో పెట్టాను. "బుధవారం ఓడ కదిలితే చింపేయ్. కదలకపోతే గురువారం పొద్దున నాకివ్వు. చదవకు."

చదివింది.

"ఇంత మెత్తగానా?" అని, పెన్ను లాక్కుని, కింద ఇంకో రెండు ప్రశ్నలు రాసింది.